పాసిర్ రిస్‌లో గడియ వేయని ఇల్లు

ఈ పరాయి దేశంలో, పాసిర్ రిస్ అనే పేటలో ఉండే మా అంకుల్ మొన్న మంగళవారం పోయారు. నేను ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ ఇంక లేరు బాబూ" అని పెట్టేశారు. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గేసింది. ఆయన కోరిన ఒక్క మాట బతికుండగా తెచ్చివ్వలేకపోయాను.

ఆయనదీ నాదీ మన్యం కొండల కింద ఒకే ఊరు. తెల్లదొరల మీద తిరగబడ్డ మన్యం వాళ్ళతో మా ఊరివాళ్ళు కొందరు కలిశారు. అంతా ఓడిపోయాక మా మామ్మ తండ్రి తుపాకీ గాయంతో, వానలో వచ్చి ఒక ఇంటి తలుపు తట్టాడట. లోపలివాళ్ళు పోలీసులకి జడిసి గడియ తీయలేదు. ఆ అరుగు మీదే ప్రాణం పోయింది. ఆ ఇల్లు అంకుల్ తాతగారిది. మా ఊళ్ళో ఇప్పటికీ 'గడియ తీయనోళ్ళు' అనే అంటారు వాళ్ళని.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరులో ఇక్కడి సైన్స్ పార్క్ కంపెనీలకి వచ్చిపడ్డ మా కుర్రాళ్ళకి ఆయన ఫ్లాటే సత్రం. ఇనుప గేటూ, లోపలి తలుపూ ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేవి. "ఏసీ చల్లదనమంతా కారిడార్ పాలు" అని ఆంటీ గొణిగేవారు. ఎదురింటి పిల్ల, "అంకుల్, గేట్ ఓపెన్ లా!" అని ఇక్కడి యాసలో అరిచేది. "ఉండనీ అమ్మా, ఎవరైనా వస్తారు" అనేవారాయన.

ఒకరోజు నాకు వడ్డిస్తూ, తల ఎత్తకుండా అడిగారు. "బాబూ, మీ మామ్మగారు మమ్మల్ని ఇంకా తిట్టుకుంటున్నారా? ఓసారి కనుక్కో."

కనుక్కున్నాను. ఆయన తలుపు వేయరని కూడా చెప్పాను. మామ్మ మండిపడింది. "ఆళ్ళింట కూడు తిన్నావేట్రా? సిగ్గు లేదూ!"

ఆ మాట ఆయనకెలా చెప్పను? "లైన్ కలవలేదు అంకుల్" అన్నాను. ఆయనకి అర్థమైంది. మళ్ళీ అడగలేదు, ఇంకాస్త అన్నం వడ్డించారు. తింటున్నంతసేపూ మా ఇంటి పంతానికి నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మొన్న ఆయన పోయారని ఫోన్‌లో చెబితే మామ్మ అడిగింది.

"ఆ బాబు నిజంగా తలుపెప్పుడూ ఏసేవోడు కాదేట్రా?"

"ఏనాడూ వేయలేదు మామ్మా."

"అయితే ఇంక ఏసుకోమని చెప్పు. మా నాన్న లోపలికొచ్చేసేడని చెప్పు."

వెళ్ళి ఆంటీకి చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచి గేటు లాగారు. కదల్లేదు. నేనూ ఓ చెయ్యి వేశాను. ఇన్నేళ్ళూ కదలని మడత బందులు తుప్పుపట్టిపోయాయి. గేటు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ సందులోంచి, కారిడార్‌లో మా కుర్రాళ్ళు విడిచిన చెప్పులు కనబడుతున్నాయి.