నాచారంలో ఊగేవాళ్ళు, ఊగనివాళ్ళు

ముందు కుక్కల సంగతి చెప్పాలి. హనుమకొండలో మా వీధి మలుపు దగ్గర ఐదారు కుక్కలు కాపురం ఉంటాయి. తెల్లవారకముందే ధ్యానానికి బయల్దేరే మా ఆవిడ సరోజకు అవంటే హడల్. ఆమెకు తోడుగా కర్ర పట్టుకుని నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. ధ్యానమందిరం బయట నిలబడితే చలి, లోపల కూర్చుంటే వెచ్చన. అందుకని లోపల కూర్చున్నాను. అంతకుమించి నాకు ఆధ్యాత్మిక కారణాలేవీ లేవు.

రెండు వారాలైందో లేదో, కళ్ళు మూసుకోగానే నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేవసాగింది. తర్వాత తల గుండ్రంగా తిరగడం, భుజాలు వణకడం. భయపడి దవాఖానాకు పరిగెత్తాను. డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసి నరాలు బాగానే ఉన్నాయన్నాడు. మా ధ్యానబృందం పెద్దాయన మాత్రం వీపు తట్టి, "క్రియలు మొదలైనయ్. శక్తి పైకెక్కుతున్నది. అదృష్టవంతునివి" అన్నాడు. నేను కరెంటు ఆఫీసులో గుమాస్తాని. శక్తి ప్రవాహం గురించి నాకు తెలిసింది బిల్లుల వసూలు వరకే. అయినా పొగడ్త ఎవరికి చేదు? మర్నాటి నుంచి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు.

సరోజ వెనక వరసలోనే ఉండిపోయింది. ఆమె మూడేళ్ళుగా ఒక్క పూట మానకుండా కూర్చుంటోంది. ఒక్కసారి కూడా ఏమీ కదల్లేదు.

"నాకు చిటికెనవేలు గూడ కదలలే. కుక్కల కొట్టనీకి వచ్చిన మీకేమో చెయ్యి లేస్తది, తల తిరుగుతది" అంది ఒకరోజు బియ్యం ఏరుతూ. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. హైదరాబాదులో, నాచారంలో ఒక టీచరమ్మ రెండు రోజుల శిబిరం పెడుతోందని, అక్కడ కూర్చున్నవాళ్ళకు తప్పకుండా కదలికలు వస్తాయని ఎవరో చెప్పారట. "ఆడ గూడ రాకపోతే నాకు రాసిపెట్టి లేదనుకుంట. ఇగ కూసునుడే బంద్ చేస్త" అంది. అన్నమాట మీద నిలబడే మనిషి. అందుకే నాకు గుబులు పుట్టింది. సెలవు పెట్టి బయల్దేరాను.

శనివారం అయిదున్నరకు హనుమకొండ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోకండి, జనగామ దాకా చలిగాలి చెవిలో దూరుతుంది. జనగామలో ఇడ్లీలు తిన్నాం. చట్నీ నీళ్ళలా ఉన్నా వేడిగా ఉంది. అక్కడ తెల్ల రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన ఎక్కి మా పక్కన కూర్చుని యాడికని అడిగాడు. సరోజ దాపరికం లేకుండా అంతా చెప్పేసింది, నా చెయ్యి సంగతితో సహా.

ఆయన నా వైపు తిరిగి దండం పెట్టాడు. "మా చెల్లె మీదికి గూడ వస్తది, బోనాలప్పుడు. నీ మీదికి ఏ అమ్మవారు వస్తది సారూ?"

"అమ్మవారు కాదు, శక్తి" అన్నాను.

"గదే గదా! జర చెప్పుండ్రి సారూ, తెలంగాణ వస్తదా, రాదా? నా మన్మనికి కొలువుతోని పని."

శక్తి వచ్చిందిగానీ కబుర్లింకా రాలేదన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. భువనగిరిలో దిగేదాకా నా చేతివైపే చూశాడు. అది కదల్లేదు. సరోజ కిటికీలోంచి గుట్టమీది కోట వైపు ముఖం తిప్పుకుని భుజాలు అదిరేలా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

తొమ్మిది దాటాక ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగాం. మెట్రో పనికని రోడ్డు మధ్యలో తవ్వి, రేకులు అడ్డం పెట్టారు. నాచారానికి షేర్ ఆటో దొరుకుతుంది, కానీ వెనకవైపు చెక్కమీద కూర్చోకండి. మేం కూర్చున్నాం. హబ్సిగూడ దాకా గుంతలే. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఊగాం.

"చూసినవా, నీకూ వచ్చింది" అన్నాను సరోజతో.

"మీ నోరు ఊగుడొక్కటే తక్కువుండె" అంది.

శిబిరం నాచారం ఫ్యాక్టరీల మధ్య, మూతపడ్డ ఒక వర్క్‌షాపు పై అంతస్తులో. పైన రేకులు, కింద జంపఖానాలు. పక్క ఫ్యాక్టరీలో బిస్కట్లు కాలుతున్న వాసన కిటికీలోంచి వస్తూనే ఉంటుంది. అంత వాసనలో కళ్ళు మూసుకుని బిస్కట్ల గురించి తలచుకోకుండా ఉండడమే పెద్ద సాధన. టీచరమ్మ అరవై దాటిన మనిషి. బళ్ళో సైన్సు చెప్పి రిటైరయిందట. నల్లగొండ వైపు మాట. "కూసోండ్రి, కళ్ళు మూసుకోండ్రి, శ్వాస సూసుకోండ్రి" అనడం తప్ప ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

చెప్పాల్సిందంతా మా ముందు వరసలోని ప్రసాదరావుగారు చెప్పారు. తెనాలి నుంచి వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్న మనిషి. "నాకు ఆరు నెలల్లో వచ్చిందండీ. మొదట నడుము, తర్వాత మెడ. ఇప్పుడు ఫుల్లు. మీకెక్కడి దాకా వచ్చింది?" అని రైలు ఎక్కడి దాకా వచ్చిందో కనుక్కున్నట్టు అడిగారు. భుజం దాకా అన్నాను. "పర్లేదు, వస్తుంది" అని ధైర్యం చెప్పారు.

పదిన్నరకు కూర్చున్నాం. పావుగంటలో హాలు హాలంతా కదిలింది. ఒకరు గానుగలా తిరుగుతున్నారు, ఒకరు చేతులతో గాలిలో పిండి పిసుకుతున్నారు, ఒకావిడ సన్నగా మూలుగుతోంది. ప్రసాదరావుగారు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే ఆయన కింద జంపఖానా కూడా జరుగుతోంది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను ఒక కన్ను తెరిచాను కాబట్టి. నా చెయ్యి మామూలుగానే లేచింది.

పక్కకు చూసి గతుక్కుమన్నాను. సరోజ ఊగుతోంది. ముందుకూ, వెనక్కూ. నాకెంత సంతోషమైందంటే, లేచిన చెయ్యి అలాగే ఉండగా ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత గమనించాను. ప్రసాదరావుగారు ముందుకొస్తే ఆమె ముందుకొస్తోంది, ఆయన ఆగితే ఆమె ఆగుతోంది. ఆమె కూడా ఒక కన్ను తెరిచే ఉంది. ఆ కన్నూ నా కన్నూ కలిశాయి. ఇద్దరం గబుక్కున మూసుకున్నాం.

మధ్యాహ్నం పప్పుచారు, మామిడికాయ తొక్కు, అన్నం. మేడమెట్ల మీద పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నాం. ఆమె ముద్ద కలుపుతూనే ఉంది, తినడం లేదు.

"నేనే ఊగిన" అంది మెల్లగా. "అందరు ఊగుతుంటే నేనొక్కదాన్ని రాయి లెక్క ఎట్ల కూసుంటనని. మెడ నొస్తున్నది."

ఏడిపించడానికి నా దగ్గర మంచి మాటలు రెండు మూడు సిద్ధంగా ఉన్నాయి. ఆమె ముఖం చూసి మింగేశాను. నాకు చాలా బాధేసింది. ఇంత కష్టపడి తెల్లవారుజామున లేచే మనిషికి రానిది, నాలాంటి సోమరికి ఎందుకు రావాలి?

ఆ రాత్రి ఆడవాళ్ళకు కింద గదిలో, మగవాళ్ళకు పైన రేకుల కింద పడక. దోమలున్నాయి, వెళ్ళేవాళ్ళు దుప్పటి తీసుకెళ్ళండి. ప్రసాదరావుగారు నిద్రలో కూడా ఊగుతారేమోనని చూశాను. లేదు, గురక మాత్రమే.

ఆదివారం ఉదయం టీ అయ్యాక, సందేహాలుంటే అడగమంది టీచరమ్మ. ఎవరూ అడగలేదు. సరోజ లేచి నిలబడింది.

"అమ్మా, నాకు మూడేండ్ల సంది ఏం వస్తలేదు. నిన్న వచ్చింది గూడ నిజం గాదు, నేనే ఊగిన. నాల ఏం తక్కువున్నదో చెప్పుండ్రి. లేదంటే ఈడికే మానేస్త."

టీచరమ్మ కోప్పడలేదు. దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకుంది.

"కూసున్నప్పుడు ఎట్లుంటది బిడ్డా నీకు?"

"ఏమీ ఉండదమ్మా. నిమ్మళంగుంటది, అంతే."

"ఎందుకు మొదలువెట్టినవ్ మరి?"

సరోజ జంపఖానా అంచు సరిచేసింది. "మా అమ్మ పోయినంక రెండేండ్లు నాకు నిద్ర లేదు. కండ్లు మూస్తె దవాఖానాల మంచమే కనవడేది. కూసున్నకాన్నుంచి నిద్ర పడుతున్నది."

పక్కపడక మీద పడుకునేవాణ్ణి, ఆ మంచం సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"నిద్ర పడుతున్నది, నిమ్మళమున్నది. ఇంకేం గావాలె నీకు?" అంది టీచరమ్మ. తర్వాత మా అందరి వైపు తిరిగింది. "మీ ఇండ్లల్ల నల్లా వచ్చేటప్పుడు సూడుండ్రి. నీళ్ళు రాకముందు బుస్సుమంటది, గడగడ కొట్టుకుంటది. పైపుల గాలున్నంతసేపే అది. గాలి వోయినంక సప్పుడు చెయ్యకుంట పారుతది. కొట్టుకునుడు తప్పు గాదు. కొట్టుకుంటెనే గొప్పనుకునుడు తప్పు."

ఆ తర్వాతి కూర్చోవడం చూడాల్సిందే. నిన్న గానుగ తిరిగినవాళ్ళంతా ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. తన పైపులో గాలుందని పదిమందికీ తెలియడం ఎవరికిష్టం? ప్రసాదరావుగారు పళ్ళు బిగబట్టి ముందుకు రాబోయే నడుమును వెనక్కి లాక్కుంటున్నారు. నేను నా కుడిచేతిని తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాను. సరోజ ఒక్కతే హాయిగా ఉంది. ఈసారి రెండు కళ్ళూ మూసుకుంది.

మూడింటికి ఉప్పల్లో తిరుగు బస్సు ఎక్కాం. ఇద్దరికీ సీట్లు దొరికాయి. ఘట్‌కేసర్ దాటుతుండగా నాకు కునుకు పట్టింది. పొద్దుటి నుంచి తొడకింద నలిగిన చెయ్యి కసి తీర్చుకోవడానికన్నట్టు పైకి లేచింది. కండక్టరు విజిల్ ఊదాడు. బస్సు ఆగింది.

"దిగుతవా అన్నా? ఈడ స్టాపు లేదు గద!"

కళ్ళు తెరిచేసరికి బస్సంతా నన్నే చూస్తోంది. సరోజ నా చెయ్యి పట్టి కిందికి లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. "ఏం లేదన్నా, పోనీయ్. మా సారు నల్లాల జర గాలున్నది" అంది. కండక్టరుకు అర్థంకాకపోయినా రైటన్నాడు.

ఆలేరు వచ్చేసరికి ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది, చెయ్యి మాత్రం వదల్లేదు. శక్తి గురించి నాచారంలో నేను నేర్చుకున్నది ఇంకేమన్నా ఉందేమోనని ఆలోచించాను. పెద్దగా తేలలేదు. జనగామలో ఇడ్లీ బండి కనిపించినా ఆకలి చంపుకుని కదలకుండా కూర్చున్నాను. ముందు వరసలో ఎన్ని నెలలు కూర్చున్నా నాకింత స్థిరత్వం రాలేదు.

హనుమకొండలో దీపాలు కనిపిస్తుండగా కళ్ళు తెరిచింది. బ్యాగు సర్దుకుంటూ, అటు తిరిగి, మామూలు గొంతుతో అంది:

"రేపు పొద్దుగాల కర్ర మర్చిపోకుండ్రి."