రెండు యాంప్లిఫయర్ల చిన్నాయన

మా చిన్నాయన పోయాడని శనివారం పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. జగిత్యాలలో నేను బడికి బయలుదేరుతున్నాను. ఫోన్ పెట్టేశాక ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఒక్క ఆదివారం కూడా చర్చి తప్పని మనిషి, ఇంకొక్క రోజు ఆగలేకపోయాడా అని. ఏడుపు బస్సెక్కాక వచ్చింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. కోరుట్లలో మా చర్చికి మైకు చూసుకునేవాడు, అంతే. పాట మొదలుకాగానే పక్క గోడ దగ్గరి స్టూలు మీంచి లేచి, చివరి వరుసలో ముసలమ్మల మధ్య కాసేపు కూర్చుని, వాళ్లకెంత వినబడుతోందో చూసుకుని వచ్చేవాడు. క్వయర్‌లో నేను గొంతు చించుకుంటుంటే, "మైకు మింగుతవా ఏంది బిడ్డా? జర్ర ఎనుకకు జరుగు" అని అందరి ముందే అనేవాడు. ఒళ్లు మండిపోయేది నాకు. "మైకు నీ గొంతు పెద్దగ చేస్తందుకు గాదు. గా ఎనుక కూసున్నోళ్లను దగ్గరికి తెస్తందుకు" అనేవాడు.

కొత్త మైకు కొనాల్సి వచ్చినప్పుడు మా నాయనమ్మను వెంటబెట్టుకుని జగిత్యాల దుకాణానికి వెళ్లాడు. దుకాణదారు సినిమా పాట పెట్టి స్పీకర్లు అదరగొడుతుంటే, "పాట బందు వెట్టు సేటూ, మా అవ్వ మాట్లాడుతది" అన్నాడట. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఉన్న మైకులన్నిటిలో పరలోక ప్రార్థన చెప్పించాడు. పళ్లు లేని ఆమె మాట ఎందులో స్పష్టంగా వినిపిస్తే అదే కొన్నాడు. "ఏడాది ప్రార్థన ఒక్కనాడే చేపిచ్చిండు, నోరు ఎండవట్టింది" అని నాయనమ్మ ఇంటికొచ్చి తిట్టింది.

అవి నక్సలైట్ల కాలం. మా సంఘంలో బీడీలు చేసి బతికే ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు అన్నల్లో కలిశాడు. పోలీసులు ఊళ్లో నిలవనీయకపోతే బీర్పూర్ దిక్కు నుంచి కోరుట్ల వచ్చి గుడిసె వేసుకుంది. మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఎవరి కష్టం వాళ్లు మైకులో చెప్పుకుంటారు, సంఘమంతా విని ఆమేన్ అంటుంది. ఒక ఆదివారం ఆమె లేచి కొడుకు పేరు పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు చర్చి కప్పు మీది హారన్ స్పీకర్‌లోంచి బజారు దాకా పోయింది. సాయంత్రానికి పోలీసులు గుడిసెకు వచ్చారు, కొడుకు ఎప్పుడొచ్చి పోయాడని. ఆ తర్వాత ఆమె మైకు దగ్గరికి రాలేదు. కూర్చున్నచోటే పెదవులు కదిపేది.

"దేవుని ఇంట్ల గూడ నోరు మూసుకోవాల్నా?" అన్నాడు చిన్నాయన. రెండో యాంప్లిఫయర్ కావాలని సంఘ పెద్దల వెంటపడ్డాడు. లోపలి బాక్సులకు ఒకటి, బయటి హారన్‌కు ఒకటి; ఒకటి ఆపినా ఇంకోటి మోగుతుంది. సిరిసిల్ల చర్చి పక్కన పొద్దంతా మగ్గాల చప్పుడే, అక్కడే ఒకదానితో నడుస్తుంటే మనకు రెండెందుకని పెద్దలు విసుక్కున్నారు. ఎందుకో ఆయన చెప్పలేదు. సతాయించి సతాయించి చివరికి తెప్పించాడు.

ఆ ఆదివారం తనే మైకు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు. "మాట్లాడక్కా. గోడ దాటది." ఆ రోజు నుంచి ఆమె లేచినప్పుడల్లా బయటి హారన్ ఆగిపోయేది.

హారన్ మధ్యమధ్య ఎందుకు ఆగుతోందని పోలీసులకు అనుమానం వచ్చింది. చిన్నాయనను తీసుకెళ్లారు. "వైరు లూజు సారూ" అన్న మాట తప్ప ఆయన నోట ఇంకో మాట రాలేదట. మర్నాడు వదిలిపెట్టారు. ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది. ఆ చెవి మళ్లీ వినలేదు. మైకు మనిషికి చెవి పోవడం! ఇక చాలు, వదిలెయ్యమని చిన్నమ్మ కాళ్లావేళ్లా పడింది. "ఇంకోటున్నది గదనే" అన్నాడు. ఆదివారం వచ్చింది. పెద్దమ్మ లేచింది. హారన్ ఆగింది.

వానాకాలంలో కొడుకు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడన్నారు. శవం ఆమెకు దక్కలేదు. భూస్థాపన లేదు, ఆదరణ కూడిక లేదు. ఆదివారం ఆమె మైకు ముందు నిలబడితే చిన్నాయన చేయి మామూలుగానే స్విచ్ మీదికి పోయింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇగ దేనికి దాచుడు తమ్మీ? ఊరంత ఇననీ."

ఆయన హారన్ పూర్తిగా పెంచాడు. ఆమె కొడుకు పేరు చెప్పింది. మళ్లీ చెప్పింది. బజారులో సైకిళ్లు ఆగిపోయాయి. చిన్నాయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. అలాంటి మనిషి చేత తిట్లు తిన్నందుకు ఇప్పుడు గర్వంగా ఉంది.

మొన్న ఆయనను చర్చిలో పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ఆమె వచ్చింది. నడుం వంగిపోయింది, ఎవరో పట్టుకుని నడిపించారు. పాస్టరుగారు మైకు అందించారు. ఆమె తీసుకోలేదు. పెట్టె అంచు పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది. ఆయన చెవి దగ్గరికి వంగింది. పక్కన ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"తమ్మీ, ఆడ మా పోరడు కలుస్తడు. అమ్మ మంచిగనే ఉన్నదని చెప్పు."

పాస్టరుగారు మైకు కిందికి దించారు.