మా వీధి నొప్పి బిళ్ళలు

దీవుల్లోని రేవు ఊరు బాంబూఫ్లాట్‌లో మా వీధిలో నొప్పి బిళ్ళ అడగడమంటే పెరుగు తోడు అడగడం లాంటిదే. వలలు లాగి లాగి మగవాళ్ళకు భుజాలు, చేపల గంపలు మోసి ఆడవాళ్ళకు నడుములు పీకుతుంటాయి. ఏ ఇంట్లో చూసినా బిస్కెట్ల డబ్బా నిండా డాక్టరు రాసిన బిళ్ళలు ఉంటాయి. ఫెర్రీ దాటి ఆసుపత్రికి వెళ్ళి తెచ్చుకున్నవి, మిగిలినా ఎవరూ పారేయరు. పక్కింటివాళ్ళు అడిగితే ఇచ్చేస్తారు. ఎవరికి, ఎందుకు అని ఆరా తీయడం మా దగ్గర మర్యాద కాదు.

మా చెల్లి పదకొండో తరగతిలో కబడ్డీ ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ తర్వాత డాక్టరు కొన్నాళ్ళు గట్టి బిళ్ళలు రాసి ఆపేశారు. కాస్త కుంటు మిగిలినా నొప్పి తగ్గింది. బిళ్ళ మీద మనసు మాత్రం తగ్గలేదు. మందుల షాపువాళ్ళు చీటీ లేనిదే ఇవ్వరు. మా వీధికి చీటీలెందుకు? "మామ్మకి నడుం నొప్పి, బిల్ల ఇమ్మంది" అంటూ ఇల్లిల్లూ తిరిగింది.

ఇంట్లో మాకు కనిపించింది పుస్తకం ముందు తూగే పిల్ల. చదువు ఒత్తిడి అనుకున్నాం. అన్నం సహించకపోతే ఎండదెబ్బ అన్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒకరోజు ఎదురింటి పెద్దమ్మ మా మామ్మను ఆపి, "నడుం ఎలగుంది అత్తా? మీ గుంటపిల్లతో దవాయి పంపుతునే ఉన్నాను గదా" అంది. మా మామ్మ ఒంట్లో నొప్పి లేని చోటు ఏదన్నా ఉంటే అది నడుమే. మామ్మ నేరుగా ఇంటికొచ్చి చెల్లి ముందు కూచుంది. తిట్టలేదు. "నా పేరు సెప్పి ఏటి తింతన్నావే తల్లీ?" అంది. చెల్లి దాచలేదు, ఏడ్చింది. మానాలని చూసిందట. మానితే ఒళ్ళంతా వణుకు, కాళ్ళు పీకుళ్ళు, ప్రాణం పోతున్నట్టే ఉంటోందట.

అమ్మా నేనూ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఒక్కసారిగా ఆపకూడదనీ, మందు మెల్లగా తామే తగ్గిస్తామనీ, ఇంకెక్కడా బిళ్ళ దొరక్కుండా చూసుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆఖరి మాట దగ్గరే అమ్మకు చిక్కొచ్చింది. తిరుగు ఫెర్రీలో నా పక్కకు జరిగి, "ఎవరికీ సెప్పకు. కామెర్లని సెబుదాం. కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది" అంది. కామెర్లంటే వీధంతా పసరు మందులు పట్టుకొస్తుందని నేను విసుక్కున్నాను.

కమ్మీ పట్టుకుని నిలబడ్డ చెల్లి అంతా వింది.

"అమ్మా, నాను మల్లీ అడుగుతాను. అడక్కుండా ఉండలేను. అడిగితే ఆల్లు ఇచ్చెస్తారు. అందుకే ఆల్లకి తెలియాల. నానే సెప్తాను, బస్, అంతే."

పదహారేళ్ళ పిల్ల తన మీద తనకు నమ్మకం లేదని అంత స్పష్టంగా ఎలా చెప్పగలిగింది! అంత ధైర్యం నాలో ఏ మూల వెతికినా దొరకదు.

ఫెర్రీ దిగి ఇంటికి కూడా వెళ్ళలేదు. వీధి మొదటి గుమ్మం నుంచే మొదలుపెట్టింది. వెనక నేనూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మా. "పిన్నీ, మామ్మ పేరు సెప్పి అబద్ధమాడినాను. బిల్లలు నానే తినేసినాను. ఎవరి పేరు సెప్పి అడిగినా ఇయ్యకండి." ఒకావిడ నోరెళ్ళబెట్టింది. ఒకాయన అమ్మ వైపు ఒక చూపు చూసి తలుపేసుకున్నాడు. చెల్లి పక్క గుమ్మం ఎక్కింది. కుంటుకుంటూ ముందు నడుస్తున్న ఆ పిల్లను చూస్తుంటే, దేవుడి ఊరేగింపు వెనక నడుస్తున్నట్టే అనిపించింది నాకు.

ఎదురింటి పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా వింది. అప్పటికే చెల్లికి చెమటలు కారుతున్నాయి, మోకాలు పట్టుకుని గుమ్మానికి ఆనుకుంది. అది చూసి పెద్దమ్మకు మనసాగలేదు. "సాలా నొప్పిగుందేటమ్మా?" అంటూ అలవాటు కొద్దీ డబ్బా మీదికి చెయ్యి చాచింది.

చెల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"సాలా నొప్పిగుంది పెద్దమ్మా" అంది. "ఇయ్యకు."