నీళ్లు చల్లిన మేర

ఇది ఎప్పుడో రాయాల్సింది. నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. వచ్చాక కూడా నా తప్పు దగ్గరికి రాగానే పెన్ను పక్కన పెట్టేసేదాన్ని. ఈ పొద్దు లైనింగు గుడ్డ తడిపి ఆరేస్తుంటే ఆ గంజి వాసనకు కుళ్లాయమ్మక్క కళ్లముందు నిలిచింది.

అక్కది కళ్యాణదుర్గంలో నాలుగు అంగళ్ల బిల్డింగులో ఒక అద్దె గది. జాకెట్లు కుట్టేది. మా కంబదూరు పక్క చేన్లు వరసగా ఎండిపోయి నేను పని వెతుక్కుంటూ వస్తే, తన పాత మిషన్ ఒకటి గది ముందు వరండాలో వేయించి, "ఈడ కూచో మే. వెలుతురు బాగుంటాది" అంది. ఆ బిల్డింగులో హద్దులు కాగితాల్లో ఉండేవి కావు. పొద్దున ఎవరు ఎంతవరకు ఊడ్చి నీళ్లు చల్లితే అంతవరకు వాళ్లది. నీళ్లకు కటకటలాడే రోజుల్లో కూడా అక్క ఒక చెంబు దాచి, నా చేత స్తంభం దాకా చల్లించేది. "ఈడ పొదుపు చేస్తే జాగా పోతాది" అని నవ్వేది. నాకు పలక కూడా కొనిచ్చింది. "చీటీ మీద పేరు చదవలేక సర్పంచు పెండ్లాం జాకెట్టు బడిపిల్లకిచ్చినావు. ఆ పిల్ల గుడారం తగిలించుకున్నట్టు వచ్చింది, చూసినావా?" అనేది. నేర్చుకుంటాలే అని నేను దాటవేసేదాన్ని.

కొన్నాళ్లకు బిల్డింగు చేతులు మారింది. అక్క కంటి ఆపరేషన్‌కు అనంతపురం పోయిన వారంలో కొత్త ఓనరు కాగితం తెచ్చాడు. "వరండాలో కూచునేది నువ్వే కదమ్మా? ఈడ వేలిముద్ర ఎయ్యి" అన్నాడు. రోజూ నీళ్లు చల్లేది నేనే కాబట్టి ఆ జాగా నా పేరున రాస్తున్నాడనుకున్నాను. లోలోపల సంతోషపడ్డాను కూడా. అక్కను అడుగుదామని తోచలేదు.

అక్క తిరిగొచ్చి చదివింది. వరండా అంగడికి చెందదనీ, అడిగినప్పుడు ఖాళీ చేస్తామనీ ఉందట. నేను ఏడుస్తుంటే, "ఏడ్చింది చాలు, ఆ పక్క పట్టు" అని నా మిషన్‌ను తనే ఒక చెయ్యేసి లోపలికి మోయించింది. నెల తిరక్కుండానే వరండాలో సెల్‌ఫోన్ రిపేరు బంకు లేచింది. గదికి వెలుతురు పోయింది. తలుపు దగ్గర మిగిలిన కాస్త వెలుతురులో నన్ను కూర్చోబెట్టి, ఆపరేషన్ అయిన కళ్లతో తను మూలన కూర్చుంది. "నువ్వు అక్షరాలు దిద్దాల. నాకైతే సూది చేతికే తెలుస్తాది" అంది. నాలుగేళ్లు అలాగే కుట్టింది. చివరి ఏడాది కుట్లు వంకర పోతుంటే, తను చూడకుండా విప్పి మళ్లీ కుట్టేదాన్ని. క్షమించమని ఒక్కసారి కూడా అడగలేకపోయాను.

అక్క పోయిన పదకొండో రోజు ఓనరు నా పేరున కొత్త అగ్రిమెంటు తెచ్చి పెట్టిపోయాడు. సాయంత్రం దాకా కూడబలుక్కుని చదివాను. మరునాడు పొద్దున్నే ఆయనింటికి వెళ్లాను.

"అన్నా, ఇందులో చెక్కుబంది యాడుండాది?"

"పదడుగుల గదికి నాలుగు దిక్కుల హద్దులేందమ్మా? అదేమన్నా చేనా?"

"రాయన్నా. రాస్తేనే సంతకం."

విసుక్కుంటూనే రాశాడు. తూర్పున షట్టరు గడప వరకు. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాను. వరండా అందులో లేదు. లేదని తెలిసే సంతకం పెట్టాను.