అరువు కమ్మలు

బొల్లారం మందుల కంపెనీలో ఊడ్చే మొగులమ్మకు, చనిపోయిన పెనిమిటి వాటా భూమిని మరిది ఇవ్వలేదు. దావాకు కోర్టు ఫీజు కట్టే తాహతు లేక మాఫీ అడిగింది. విచారణ రోజున, పెద్దల ముందుకు బోసి చెవులతో పోతే మర్యాద కాదని బంగారు కమ్మలు పెట్టుకుని సంగారెడ్డి కోర్టుకు పోయింది.

మరిది వకీలు ఊరుకుంటాడా? "చెవులకు బంగారం మెరుస్తుంటే పేదరాలు ఎట్లయితది?" అన్నాడు.

మొగులమ్మకు కోపం నషాళానికంటింది. "నాయి కావు సారూ! పక్కింటి అక్తరీ బేగంవి. పెండ్లికి పోయినా, కోర్టుకొచ్చినా మా గల్లీల అందరికీ గివే కమ్మలు!"

"సాక్ష్యమేది?" అన్నాడు వకీలు.

తోడుగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ అక్తరీ బేగం తలమీది కొంగు వెనక్కి జరిపింది. ఆమె చెవుల్లో, తూట్లు పూడిపోకుండా పెట్టుకున్న వేపపుల్లలున్నాయి.