మా గంగాళంలో మునిగిన అమెరికా జలాంతర్గామి

ఆ రోజుల్లో మా ఇంట్లో చెక్కుచెదరకుండా మిగిలినది ఒక్క అసూయే. భూములు పోయాయి, ఏనుగు పోయింది (నేను పుట్టకముందే పోయింది గానీ, మొన్ననే పోయినట్టు మాట్లాడుకునేవాళ్లం). వానొస్తే మేడమీది గదుల కిటికీలు మూయడం కూడా మానేశాం, ఎందుకంటే వాన పైకప్పులోంచే నేరుగా దిగేది. భూమికి పరిమితి పెట్టిన ప్రభుత్వం అసూయకు ఏ పరిమితీ పెట్టలేదు గనుక అది మాత్రం మా దగ్గర పూర్వపు విస్తీర్ణంలోనే ఉండిపోయింది. అసూయపడితే మనకన్నా పెద్ద సంస్థానాల వాళ్లని చూసి పడాలని మా నాన్నగారి సిద్ధాంతం. నాకా భాగ్యం కలగలేదు. విజయనగరంలో మా వీధి చివర ఒక నూనెమిల్లు ఉండేది, ఆ మిల్లు వారి అబ్బాయి కాలేజీలో నా పక్క బెంచీలో కూర్చునేవాడు. నేను వాడిని చూసి పడ్డాను.

వాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది, కానీ నేను నూనెమిల్లు అనే అనేవాణ్ని. వాడు నన్ను దొరబాబూ అని పిలిచేవాడు. అందులో మర్యాద పాలెంత, వెటకారం పాలెంత అని తూచుకోవడంతోనే నా డిగ్రీ చదువు సగం గడిచిపోయింది. వాడి స్కూటరు మీద, చేతిగడియారం మీద అసూయపడటంలో వింతేమీ లేదు. వాడికి పడిశం పట్టినప్పుడు మాస్టర్లు చూపించిన ఆదరం మీద కూడా నాకు కడుపు మండేది. ఆ వారమే నేనూ చన్నీళ్లతో తలస్నానం చేసి పడిశం తెచ్చుకున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

మేమిద్దరం కాలేజీలో నేవీ క్యాడెట్లం. ఆ యేడు మా క్యాడెట్ మాస్టారు ఒక వార్త తెచ్చారు. విశాఖ నుంచి ఒక రిటైరైన కమాండరుగారు వస్తారనీ, ఆయన మెచ్చిన ఒక్క క్యాడెట్‌ను ఒక పూట జలాంతర్గామిలో సముద్రంలోకి పంపే ఏర్పాటు చేస్తారనీ చెప్పారు. ఒక్కరినే. పోటీ ఏమిటంటే, చీటీ తీసి ఎవరికొచ్చిన పాత జలాంతర్గామి నమూనా వాళ్లు తయారుచేసి, నీళ్లలో వేసి, దాని సర్వీసు చరిత్ర చెప్పాలి. నాకు ఆ సీటు కావాలి. నేల మీద నూనెమిల్లు నాకన్నా ఎప్పుడో ముందుకెళ్లిపోయాడు. సముద్రం అడుగునైనా నేను ముందుండకపోతే మా ముత్తాతగారి బొమ్మకు దండం పెట్టడానికి నాకు ముఖం చెల్లదు.

చీటీలు తీశాం. వాడికి జర్మనీ వాళ్ల జలాంతర్గామి వచ్చింది. అది మొదటి ప్రపంచయుద్ధంలో ఓడల మీద ఓడలు ముంచిన రాక్షసి. నాకు పైక్ అనే అమెరికా జలాంతర్గామి వచ్చింది. లైబ్రరీలో బొమ్మల పుస్తకం తీసి దాని చరిత్ర చదివాను. శాన్ ఫ్రాన్సిస్కోలో కట్టారు, ఒక చేప పేరు పెట్టారు. కొన్నేళ్లకు ప్రభుత్వం వారు ఆ పేరు తీసేసి ఏ-5 అని ఒక అక్షరమూ అంకే మిగిల్చారు. (మా ముత్తాతగారి పేరున్న తోట కూడా చివరికి ఒక సర్వే నంబరైంది.) తర్వాత దాన్ని ఒక బొగ్గు ఓడ మీదికెక్కించి ఫిలిప్పీన్స్ తీసుకెళ్లారు. పడవ మరో ఓడ నెత్తినెక్కి సముద్రం దాటడం నాకు నచ్చింది, మావాళ్లూ పల్లకీల్లోనే తిరిగారు. ఇంతవరకూ బాగానే ఉంది. యుద్ధకాలం వచ్చింది. శత్రువు చుట్టుపక్కల ఎక్కడా లేడు. ఒకనాడు రేవులో కట్టేసిన చోట కట్టేసినట్టే అది తనంతట తాను నీళ్లు తాగి మునిగిపోయింది. కొన్నాళ్లకు పైకి లాగి, బాగుచేసి, మనీలా అఖాతంలో కాపలాకు పెట్టారు. యుద్ధం అయిపోయాక తుపాకుల గురి నేర్చుకోవడానికి లక్ష్యంగా వాడుకున్నారు. అంటే మొత్తం సర్వీసులో అది ముంచింది ఒక్కదాన్నే, తనని.

నేను పుస్తకం మూసేసరికి నూనెమిల్లు నా వెనకే నించుని ఉన్నాడు. వాడు రెండు చరిత్రలూ చదివేశాడు.

"దొరబాబూ, కావాలంటే మార్సేసుకుందుమా? నాదట్టుకుపో. నాకేటి, ఏదైనా ఒకటే."

"మా ఇంట్లో ఒకరిది పుచ్చుకునే అలవాటు లేదు" అన్నాను.

"పుచ్చుకోడం కాదు, మార్పిడే కదేటి."

"మార్పిళ్లు మీ కొట్లో చేసుకోండి."

వాడు నవ్వి వెళ్లిపోయాడు. కోపం తెచ్చుకుని ఉంటే నాకు ఆ పూట అన్నం సయించేది.

ఇంటికొచ్చి నాయనమ్మను అడిగాను, ఇలాంటి మునిగిపోయిన చరిత్రను సభలో ఎలా చెప్పడమని. ఆవిడ చుట్ట ఆర్పి, "నీకిది కూడా ఎరికనేదేట్రా" అంది. "మీ ముత్తాత గురించి ఎవులైనా అడిగితే మనం ఏటి సెప్తాం? ఏనుగు గురించి సెప్తాం, గజ్జెల బండి గురించి సెప్తాం. వేలంపాట గురించి సెప్తామేటి? అక్కడికొచ్చీసరికి కాఫీ తాగుతారా అని అడుగుతాం." మా వంశచరిత్ర ఎప్పుడూ ఒకే చోట ఆగి ఎందుకు కాఫీలోకి దిగుతుందో నాకు ఆరోజు బోధపడింది. నేను ఆ పద్ధతే ఖాయం చేసుకున్నాను.

నమూనా తయారీలో కూడా నేను వంశమర్యాద తప్పలేదు. కొబ్బరినూనె డబ్బాలు రెండు కలిపి, బూడిదరంగు వేసి, అతుకులు మూయడానికి బజారులో దొరికే సీలు ముద్ద కొనకుండా, ముత్తాతగారి రాతబల్ల సొరుగులో మిగిలిన ఎర్ర లక్క కరిగించి పోశాను. ఒకప్పుడు ఆ లక్కతో వేసిన ముద్ర చూస్తే తాలూకా అంతా లేచి నించునేదట. దాని వయసు నాయనమ్మ వయసుకన్నా ఎక్కువన్న సంగతి మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. నూనెమిల్లు వీధిలో కనపడి, "మా సిన్నాన్న కొట్లో సీలుంది, తెమ్మంటావేటి? పాత లక్క బీటలు తీస్తాది" అన్నాడు. అక్కర్లేదన్నాను.

నీళ్లు పోయడానికి కాలేజీ వాళ్లు సిమెంటు తొట్టె చూపిస్తే, నేను మా పెళ్లిళ్ల గంగాళం పంపిస్తానని కబురు చేశాను. మా ఇంట్లో అమ్మకుండా మిగిలిన పెద్ద ఇత్తడి సామాను అదొక్కటే. (కొనడానికొచ్చినవాళ్లు తమ గుమ్మంలోంచి పట్టదని వదిలేశారు.) దాన్ని చింతపండుతో తోమించి, రిక్షా మీద పడుకోబెట్టి తీసుకెళ్లాను. ఎంతటి జర్మనీ జలాంతర్గామి అయినా మా గంగాళంలోకి దిగాల్సిందే కదా అని నా లోపలి ఆనందం.

సభ మొదలైంది. నూనెమిల్లు పడవలో బ్యాటరీ ఉంది, మోటారు ఉంది. అది మా గంగాళంలో బుడుంగున మునిగి, అటు చివర తేలి, మళ్లీ మునిగింది. ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. మా గంగాళం అంత వెలుగుతున్నా దాని వంక చూసినవాడు లేడు. కమాండరుగారు కళ్లజోడు సర్దుకుని మరోసారి చేయించుకుని చూశారు.

తర్వాత నేను. నా పడవకు నాయనమ్మ పట్టుచీర అంచుతో పేనిన తాడు కట్టి, గంగాళం కడియానికి ముడివేసి, వెన్ను నిటారుగా పెట్టి మొదలుపెట్టాను. పైక్ పుట్టుక, అంతస్తు, బొగ్గు ఓడ మీద ఊరేగింపు అన్నీ చెప్పాను. రేవులో జరిగిన సంగతి దగ్గర కాఫీ అడగడానికి వీల్లేదు గనుక ఒక్క గెంతు గెంతి మనీలా కాపలాలోకి దిగాను. "ఆ అఖాతానికి అది పెట్టని కోటయింది" అంటున్నప్పుడు గంగాళంలో బుడగల చప్పుడు వినిపించింది. నేను కిందికి చూడలేదు. మావాళ్లు మాట్లాడేటప్పుడు కిందికి చూడరు.

ముందు వరుసలోంచి ఒక క్యాడెట్, "దొరబాబూ, నీ బోటు ములిగిపోతన్నాది" అన్నాడు.

"మునగడమే దాని పని" అన్నాను.

"తేలడం కూడా దాని పనే బాబూ" అన్నారు కమాండరుగారు. "ఓసారి పైకి రమ్మను."

హాలంతా నవ్వింది. అప్పుడు చూశాను. ముత్తాతగారి లక్క బీట తీసి విడిపోయింది. ఏ-5 కట్టేసిన చోటే అడుగున పడి ఉంది, పట్టుతాడు మాత్రం బిగువుగా నిలబడి ఉంది. సీటు పోయిందని అర్థమైంది. ఇంతలో నూనెమిల్లు లేచి నించున్నాడు. వాడేమంటాడో నాకు తెలుసు, వాడి స్థానంలో నేనుంటే ఏమనేవాణ్నో తెలుసు కనుక.

"సార్, ఇది కూడా సరిత్రే. నిజం బోటు కూడా ఇలాగే, రేవులో కట్టీసిన కాడే ములిగిపోనాది. దొరబాబు అదే సూపించాడు."

కమాండరుగారు నా వైపు తిరిగారు. "నిజమేనా? నువ్వు చెప్పలేదే." అవునంటే మా పడవ పరువు నిండు సభలో పోతుంది, కాదంటే నాది పోతుంది. హాలంతా నా మీద నవ్విన నవ్వు, నూనెమిల్లు మాట వినబడనంత గట్టిగా ఉన్నా బాగుండేదనిపించింది. చివరికి నిటారుగానే నించుని, "నిజమేనండి. మునిగింది. తర్వాత పైకి తీశారు, మళ్లీ డ్యూటీ చేసింది" అన్నాను.

"అదే కదయ్యా సర్వీసంటే" అన్నారాయన. "మిగతాదంతా పెయింటు. ఆ ఒక్క ముక్కా ఎందుకు మింగావు?"

సీటు నూనెమిల్లుకిచ్చారు. రెండు పడవల చరిత్రా చదివింది వాడొక్కడేనని కారణం చెప్పారు. నా వకాలత్తు పుచ్చుకుని వాడు సీటు గెలవడం నాకు ఏ విధంగానూ మింగుడుపడలేదు. తిట్టుకుందామన్నా వాడు చేసిన తప్పేదీ దొరకదు.

సముద్రం నుంచి వచ్చిన మర్నాడే వాడు మా అరుగు మీద ప్రత్యక్షమయ్యాడు. నేను అడగకుండానే చెప్పాడు. "ఏటీ నేదు దొరబాబూ. ఇరుకు. డీజిలు కంపు. పేగులు నోట్లోకొచ్చేలాగ వాంతులు." వాడికి వాంతులైన సంగతి విని నా ప్రాణం ఎంత కుదుటపడిందో చెప్పలేను. అది కూడా ఎంతోసేపు నిలవలేదు. "అయ్యో నాయినా, కడుపు కాలీ అయిపోనాదేటి" అని నాయనమ్మ లోపలికెళ్లి, నిమ్మాకు వేసిన మజ్జిగ వెండిగ్లాసులో (ఆ గ్లాసు నాకు జ్వరమొచ్చినా దింపేది కాదు) తెచ్చి వాడి చేతికిచ్చింది. వాంతి చేసుకోవడానికైనా సముద్రం దాకా వెళ్లాడు కదా అని నేను స్తంభానికానుకుని కుమిలాను.

ఇప్పుడు మాకిద్దరికీ మనవలు. ఈమధ్య వాళ్లని తీసుకుని విశాఖ బీచిలో ఒడ్డుకెక్కించి పెట్టిన జలాంతర్గామి చూడటానికి వెళ్లాం. టిక్కెట్టు కొన్నవాళ్లంతా ఎక్కచ్చు. లోపల ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గుండ్రటి ఇనుప కంత ఉంటుంది, అందులోంచే దూరాలి. నూనెమిల్లు పొట్టివాడు, కాస్త తలదించి అవతల తేలాడు. ఇంత వయసులో, ఇంత పొడుగు పెట్టుకుని, నేను ఒక మనిషి పొట్టితనం మీద అసూయపడుతూ కంత ముందు నిలబడ్డాను. వెనకాల వరుస పెరిగిపోతోంది. "వొంగు దొరబాబూ, ఎవులూ సూడట్నేదు" అన్నాడు వాడు లోపలి నుంచి. వంగాను. దూరుతుంటే, ఇనుప అంచు నా నడినెత్తికి తగలకుండా వాడు తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. మా వంశంలో ఇంతమంది పుట్టాం, ఇలా చెయ్యి పెట్టాలన్న ఆలోచన ఒక్కడికైనా రాలేదే, వీడికెలా వచ్చిందని అక్కడే, ఆ ఇరుకులోనే, నాకు మళ్లీ ఒళ్లు మండింది. అవతల గదిలో నడుము సరిచేసుకుంటూ చూస్తే, పెరిస్కోపు గాజులో తెల్లజుట్టు మనిషొకడు మూతి ముడుచుకుని కనబడ్డాడు. వాణ్ని చూసి నాకే నవ్వొచ్చింది.