పైనీళ్ళు, కిందనీళ్ళు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను చూసి, గోదావరి నీళ్ళు ఇవాళ ముప్ఫై డిగ్రీలట తాతయ్యా, ఈతకు బాగుంటుందట అని చదివి వినిపించింది. ఏ నీళ్ళమ్మా, పైవా కిందవా అని అడిగితే తెల్లమొహం వేసింది. నా ఈడువాళ్ళకి ఆ ప్రశ్న అర్థమవుతుంది కనుక మీకే చెబుతున్నాను.

మనకు డిగ్రీలు తెలియవు గానీ నెలలు తెలుసు. మాఘమాసం తెల్లవారుజామున గట్టు మీద పళ్ళు టకటకలాడుతుంటే, రేవులో దిగినవాడికి నీళ్ళు గోరువెచ్చగా తగిలి పైకి రాబుద్ధయ్యేది కాదు. ఆషాఢంలో వరద ఎర్రనీరు వచ్చిందంటే పెద్దవాళ్ళు మెట్ల మీదే చెంబుతో పోసుకుని వచ్చేసేవారు. ఇక వైశాఖంలో ఇసుక మీద పారే పలచటి నీరు మధ్యాహ్నానికి కాచినట్టుండేది. అలాంటి వైశాఖంలోనే, పెళ్ళయిన ఏడు, రావులపాలెం దగ్గర మా అత్తవారి ఊళ్ళో, గౌతమిని ఒక్క ఊపులో ఈదేశాను.

ఒక్క ఊపు అన్నది కొంచెం ఎక్కువైంది. వేసవిలో అక్కడ ముప్పాతిక నది ఇసుకే. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. ఈదవలసింది నది నడుమనున్న లంకకు ఇవతలి ఒక్క పాయ.

ముందురోజు భోజనాల దగ్గర మా బావమరిది, "బావగారు మాస్టారు కదండీ, బ్లాకుబోర్డు మీద ఈదుతారేమో" అన్నాడు. గుమ్మంలో మా ఆవిడ నవ్వు ఆపుకోవడం నా కంటపడింది. పెళ్ళయి రెండు నెలలు. ఆవిడ ముందు అప్పుడే తేలిపోతే జన్మంతా తేలికే అనుకుని, లంక దాకా ఈదుతానని అనేశాను.

మర్నాడు ఇంటిల్లిపాదీ ఒడ్డున చేరారు. నేను నీళ్ళలో చెయ్యి పెట్టి, వేణ్ణీళ్ళలా ఉన్నాయని ప్రకటించాను. లంకలో అరటితోట ఉండి, రోజూ ఆ పాయ దాటే మా మామగారు నెమ్మదిగా, "చేత్తో చూస్తే పైనీళ్ళే తెలుస్తాయండి అల్లుడుగారూ. కిందనీళ్ళు పిక్కకి తెలుస్తాయి" అన్నారు. నేను నవ్వేశాను. ఆయన తోట చూసుకోవాలంటూ నా వెనకే దిగారు.

నడిమికి వెళ్ళేసరికి వెచ్చదనం రొమ్ము దాకానే మిగిలింది. కాళ్ళకు నూతినీళ్ళ చల్లదనం తగిలి కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. అరుద్దామంటే నోట్లోకి నీళ్ళు. మునిగిపోతున్నానన్న క్షణంలో, నీటి అడుగున ఒక చెయ్యి నా మొలతాడు పట్టుకుంది. "మీరు చేతులు ఆడిస్తూ ఉండండి, చాలు. ఒడ్డు మీంచి చూస్తున్నారు" అన్నారు మామగారు, నా చెవి పక్కన.

ఆడించాను. అదీ నేను గోదావరి ఈదిన వైనం. లంక ఎక్కాక ఆయన అరటిచెట్ల చాటున నా పిక్క మర్దనా చేసి, పడవలో తిరిగి తీసుకొచ్చి, అల్లుడుగారిని అందుకోలేకపోయానని ఇంట్లో చెప్పారు. బతికినంతకాలం ఆ మాట మార్చలేదు. ప్రాణం నిలబెట్టడమే కాదు, ఆ ఇంట్లో నాకొక పీట కూడా వేసిపెట్టారు.

కిందటేడు మా ఆవిడ దగ్గర నిజం ఒప్పుకున్నాను. "మీ నడుం చుట్టూ కందిపోయిన గీత ఆ రోజే చూశానండి. నాన్నగారు చెప్పలేదు కదా అని నేనూ ఊరుకున్నాను" అంది.

ఆ ఈత తర్వాత చాలా ఏళ్ళకి నేనూ మామగారినయ్యాను. మా అల్లుడు కొత్తలో కారును పొలం పక్క పంటబోదెలోకి దింపిన కథ ఎంతమందికి చెప్పి నవ్వించానో నాకే గుర్తులేదు. చెప్పిన ప్రతిసారీ ఆ అబ్బాయి తలవంచుకుని అన్నం కలుపుకునేవాడు.